మింగిన కణంలోనే బతికే బూజు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం)



సుబ్బారావు గారి పేరు వినగానే మనకు మందులు గుర్తుకొస్తాయి. బోదకాలుకు హెట్రజాన్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, ఆయన సారథ్యంలోని లెడర్లీ పరిశోధనశాల నుంచి వచ్చిన ఆరియోమైసిన్. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూసిన ఆ మహనీయుడి పేరు ఒక బూజుకు కూడా ఉంది. ఆయన పోయిన ఐదేళ్లకు, 1953లో, క్లిఫర్డ్ హెసెల్టైన్ అనే అమెరికన్ శిలీంధ్ర శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే వడపోత మీద పెరిగిన ఒక కొత్త శిలీంధ్రాన్ని వర్ణించి, దానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. మనిషి జోలికి రాని బూజు అది.

నేను ఇవాళ మాట్లాడబోయేది మనిషి లోపలికి వచ్చే బూజుల గురించి. అందులోనూ, వాటిని చంపడానికే ఉన్న కణంలోకి వెళ్లి, అక్కడే తిని, అక్కడే పిల్లలు పెట్టే వాటి గురించి. సుబ్బారావు గారు అమెరికా వెళ్లింది హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి. ఆ కాలపు ఉష్ణమండల వైద్యులను ఎక్కువగా వేధించిన ప్రశ్నల్లో ఒకటి, ప్లీహం నుంచో ఎముక మజ్జ నుంచో తీసిన స్లైడు మీద, కణాల లోపల కనబడే చిన్న చిన్న చుక్కలు ఏమిటన్నది. ఆ చుక్కల్లో ఒకటి బూజు అని తేలడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. మన ఆస్పత్రుల్లో ఇప్పటికీ అది తేలకుండా పోతూనే ఉంది. ఎందుకు పోతోందో అర్థం కావాలంటే ఆ కణం లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

మాక్రోఫేజ్ అంటే మన కణజాలాల్లో కాపు కాసి, బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవిని చుట్టుముట్టి మింగేసే రక్షణ కణం. ఈ మింగడం గురించి లోకానికి చెప్పినవాడు ఇలియా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన నక్షత్రచేప డింభకాలకు గులాబీ ముల్లు గుచ్చిన సంగతి పాఠ్యపుస్తకాలన్నిటిలో ఉంది. రెండేళ్ల తర్వాత చేసిన పనికి అంత ప్రచారం రాలేదు. నాకు మాత్రం అదే గొప్పగా అనిపిస్తుంది. డాఫ్నియా అనే చిన్న నీటిజీవికి ఒక ఈస్ట్ వల్ల జబ్బు వస్తుంది. మొనదేలిన దాని బీజాలు డాఫ్నియా పేగు గోడను చీల్చుకుని ఒంట్లోకి దిగుతాయి. డాఫ్నియా శరీరం గాజులా పారదర్శకం కాబట్టి తర్వాత జరిగేదంతా సూక్ష్మదర్శినిలో కంటికి కనిపిస్తుంది. రక్షణ కణాలు బీజాలను చుట్టేసి అరిగించుకుంటే డాఫ్నియా బతుకుతుంది. ఒక బీజం తప్పించుకుని మొగ్గలు తొడగడం మొదలుపెడితే డాఫ్నియా చస్తుంది. రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసిన తొలి పరిశీలనల్లో శత్రువు బాక్టీరియా కాదు, శిలీంధ్రం. ఆ తర్వాతి వందేళ్లలో మన వైద్యవిద్య ఆ విషయాన్ని మూలకు నెట్టేసింది.

ఇప్పుడు పనామాకు వెళ్దాం. కాలువ తవ్వుతున్న రోజులు. ఆంకాన్ ఆస్పత్రిలో శవపరీక్షలు చేసే శామ్యూల్ డార్లింగ్ అనే యువ వైద్యుడికి 1905 డిసెంబరులో ఒక శవం వచ్చింది. మార్టినీక్ ద్వీపం నుంచి పనికొచ్చిన వడ్రంగి, వయసు 27. ఊపిరితిత్తుల నిండా ఆవగింజల్లాంటి బుడిపెలు, ఉబ్బిన ప్లీహం, కాలేయం. చూసినవాళ్లెవరైనా ఒళ్లంతా పాకిన టీబీ అనే అంటారు. డార్లింగ్ అక్కడితో ఊరుకోకుండా స్లైడు చేసి చూశాడు. టీబీ క్రిములు లేవు. కణాల లోపల గుంపులు గుంపులుగా గుండ్రటి చిన్న జీవులున్నాయి.

ఆ చూపు వెనక మన మద్రాసు ఉంది. అంతకు రెండేళ్ల ముందే, 1903లో, చార్లెస్ డోనవాన్ మద్రాసు ఆస్పత్రిలో కాలా అజార్ రోగి ప్లీహంలో ఇలాంటి జీవులనే చూశాడు. విలియం లీష్‌మన్ వేరుగా అదే సంగతి ప్రకటించాడు. డార్లింగ్ ఆ వ్యాసాలు చదివి ఉన్నాడు కాబట్టే తన స్లైడును వాటితో పోల్చుకున్నాడు. లీష్‌మన్, డోనవాన్‌లు చూసిన జీవిలో కేంద్రకం పక్కన ఒక చిన్న కడ్డీ ఉంటుంది. తన జీవిలో అది లేదు. కనుక ఇది వేరే జీవి అని చెప్పి, 1906లో హిస్టోప్లాస్మా కాప్సులేటమ్ అని ప్రకటించాడు. అయితే దాన్ని ఏకకణ జంతువే అనుకున్నాడు. 1912లో రోషా లిమా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త హాంబర్గ్‌లో ఆ స్లైడులను పరిశీలించి, ఇది శిలీంధ్రమై ఉండాలన్నాడు. 1934లో టెనెసీలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో డిమోన్‌బ్రన్ ఒక పసిబిడ్డ నుంచి తీసిన జీవిని పెంచి చూపించాక సందేహం తీరింది. గది వేడిమిలో ఉంచితే దారాలు దారాలుగా బూజు. మనిషి ఒంటి వేడిమిలో ఉంచితే గుండ్రటి ఈస్ట్. రెండూ ఒకటే జీవి.

ఈ రెండు రూపాల సంగతే మొదటి కీలకం. మట్టిలో, ముఖ్యంగా పక్షుల, గబ్బిలాల రెట్ట కలిసిన మట్టిలో, అది తంతువులుగా పెరిగి బీజాలు విడుస్తుంది. వాటిలో చిన్నవి రెండు నుంచి ఐదు మైక్రాన్లు ఉంటాయి. మనం పీల్చే గాలితో ఊపిరితిత్తుల చిట్టచివరి గదుల దాకా వెళ్లడానికి సరిపోయే పరిమాణం. లోపలి వేడి తగలగానే దాని జన్యువుల పని మారిపోతుంది. 2006లో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ఈ మార్పును నడిపించే ఒక జన్యువును గుర్తించారు. పేరు డీఆర్‌కే1. అది పనిచేయకపోతే బూజు ఈస్ట్‌గా మారలేదు, జబ్బూ కలిగించలేదు. అంటే రూపం మార్చుకోవడం దీనికి వేషం కాదు, బతుకు షరతు.

ఇక మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది. మింగిన జీవి చుట్టూ ఒక పొర సంచి ఏర్పడుతుంది. దాన్ని ఫాగోజోమ్ అంటారు. ఆ సంచిలో మూడు పనులు జరగాలి. ఘాటైన ఆక్సిజన్ రసాయనాలు దాని మీద పడాలి. సంచి పుల్లబడాలి. లైసోజోమ్‌లు వచ్చి కలిసి జీర్ణరసాలు కుమ్మరించాలి. మన ఊరగాయ జాడీ లోపల పులుపు, ఉప్పు, గాలి చొరకుండా నూనె ఎలాగైతే బూజును పెరగనివ్వవో, ఈ సంచి కూడా అలాంటి ఏర్పాటే. మరి హిస్టోప్లాస్మా అందులో ఎలా నిలబడుతుంది?

ముందుగా, తాను ఫలానా అని గుర్తుపట్టనివ్వదు. శిలీంధ్రాల గోడలో బీటా గ్లూకాన్ అనే చక్కెర పదార్థం ఉంటుంది. మన రక్షణ కణాల మీద డెక్టిన్-1 అనే గ్రాహకం ఉన్నదే దాన్ని పసిగట్టడానికి. ఈ ఈస్ట్ తన బీటా గ్లూకాన్ మీద ఆల్ఫా గ్లూకాన్ అనే మరో పొర కప్పుకుంటుంది. పొర సందుల్లోంచి బయటికి కనబడే ముక్కలు ఏమైనా మిగిలితే వాటిని కత్తిరించే ఎంజైమును కూడా విడుస్తుంది. దాంతో గట్టి హెచ్చరిక మోగదు. మింగడం మాత్రం జరుగుతుంది, ఎందుకంటే మింగించుకోవడమే దానికి కావాలి. అందుకు వేరే గ్రాహకాన్ని వాడుకుంటుంది.

తర్వాత ఆక్సిజన్ రసాయనాలు. వాటిలో సూపరాక్సైడ్ ముఖ్యమైనది. ఈస్ట్ తన గోడ బయటే ఎస్‌ఓడీ3 అనే ఎంజైమును ఉంచి, సూపరాక్సైడ్‌ను తనను తాకకముందే విరిచేస్తుంది. ఆ విరుపులో పుట్టిన పెరాక్సైడ్‌ను కాటలేజ్ చూసుకుంటుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది దీని తర్వాతి సంగతి. పులుపు. మామూలుగా ఫాగోజోమ్ పీహెచ్ ఐదు కంటే కిందికి పడిపోతుంది. హిస్టోప్లాస్మా ఉన్న సంచిలో కొలిస్తే దాదాపు 6.5 దగ్గర ఆగి ఉంటుంది. ఆ పులుపు దాన్ని అరిగించడానికి చాలదు కాబట్టి బతికిందని మొదట అనుకున్నారు. అది సగం నిజం. మిగతా సగం ఇనుములో ఉంది. ప్రతి జీవికీ ఇనుము కావాలి. మన ఒంట్లో ఇనుము విడిగా దొరకదు, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ పట్టుకుని తిరుగుతుంది. కొంచెం పులుపు తగిలితేనే ఆ పట్టు సడలుతుంది. మరీ పుల్లగా ఉంటే ఈస్ట్ చస్తుంది. బొత్తిగా పులుపు లేకపోతే ఇనుము దొరకక చస్తుంది. 6.5 దగ్గర రెండు గండాలూ తప్పుతాయి. దాని బతుకంతా ఆ సన్నటి దారి మీదే.

ఈ మాటకు రుజువు 1994లో సిన్సినాటి నుంచి వచ్చింది. సైమన్ న్యూమన్ బృందం మనిషి మాక్రోఫేజ్‌లలో హిస్టోప్లాస్మాను పెంచి, మలేరియా మందు క్లోరోక్విన్ కలిపింది. క్లోరోక్విన్ కణంలోని పుల్లటి సంచుల్లోకి చేరి పులుపును తగ్గిస్తుంది. అప్పుడు ఈస్ట్ ఇంకా సుఖంగా పెరగాలి కదా? చచ్చిపోయింది. పులుపు లేకపోయినా కరిగి ఉండే రూపంలో ఇనుమును విడిగా అందిస్తే మళ్లీ బతికింది. ట్రాన్స్‌ఫెరిన్‌తో ఇస్తే బతకలేదు. ఎంత శుభ్రమైన ప్రయోగం! ఇక్కడ మందు బూజును తాకి చంపలేదు. బూజు ఉన్న చోటును మార్చింది, అంతే. మన టి కణాలు విడిచే ఇంటర్‌ఫెరాన్ గామా కూడా కొంతవరకు ఈ పనే చేస్తుంది. మాక్రోఫేజ్ లోపలికి ఇనుము రాకను తగ్గిస్తుంది. అందుకే ఆరోగ్యవంతుల్లో రెండు మూడు వారాల్లో, టి కణాలు కళ్లు తెరిచాక, పరిస్థితి తిరగబడుతుంది. మాక్రోఫేజ్‌లు గుమిగూడి గడ్డకట్టి, సున్నం పేరుకుని, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చలో ఈస్ట్ ఏళ్ల తరబడి బతికి ఉండగలదు.

ఆ మచ్చలనే అమెరికాలో చాలాకాలం టీబీ మచ్చలనుకున్నారు. 1945లో వాండర్‌బిల్ట్‌లో క్రిస్టీ, పీటర్సన్ అనే పిల్లల వైద్యులు, విడిగా ప్రజారోగ్య శాఖకు చెందిన కారోల్ పామర్, టీబీ చర్మపరీక్షకు స్పందించని వాళ్లలో అవే మచ్చలున్నవారిని హిస్టోప్లాస్మా నుంచి తీసిన హిస్టోప్లాస్మిన్‌తో పరీక్షించారు. ఒహాయో, మిసిసిపీ నదుల పరీవాహక ప్రాంతాల్లో లెక్కలేనంతమందికి ఈ బూజు ఎప్పుడో తెలియకుండానే సోకి తగ్గిపోయిందని అప్పుడు బయటపడింది.

హిస్టోప్లాస్మా ఒక్కదానికే ఈ విద్య వచ్చనుకోకండి. క్రిప్టోకాకస్ నియోఫార్మాన్స్ ఇంకో దారి పట్టింది. అది పులుపును ఆపదు. పులుపులోనే హాయిగా పెరుగుతుంది. చుట్టూ మందపాటి చక్కెర కవచం, గోడలో మెలనిన్ రంగు పదార్థం దానికి రక్ష. 2006లో ఇంగ్లండ్‌లో ఒక బృందం, అమెరికాలో ఇంకో బృందం వేరువేరుగా చూసిన దృశ్యం ఇది: క్రిప్టోకాకస్ మాక్రోఫేజ్ నుంచి మెల్లగా బయటికి నెట్టుకొచ్చింది, ఆ తర్వాత కణమూ బతికే ఉంది, బూజూ బతికే ఉంది. మెదడుకు చేరడానికి కూడా ఇది మాక్రోఫేజ్‌లనే వాహనంగా వాడుకోగలదు. హెచ్‌ఐవీ ఉన్నవారిలో ఇది తెచ్చే మెదడు పొరల వాపు వల్ల 2020లో ప్రపంచంలో లక్షమందికి పైగా చనిపోయారని అంచనా.

మనిషితో ఏ అవసరమూ లేని మట్టి బూజుకు మన కణం లోపలి సంగతులు ఎలా తెలిశాయి? దీనికి నాకు నచ్చిన జవాబు అమీబాలో ఉంది. 1930లో ఆల్డో కాస్టెల్లానీ తన ఈస్ట్ పలక మీద అమీబా పెరగడం గమనించాడు. ఆయన పేరుతోనే దాన్ని అకాంతమీబా కాస్టెల్లానీ అంటున్నారు. 2001లో న్యూయార్క్‌లో ఆర్తురో కాసాడెవాల్ బృందం ఆ అమీబాకు క్రిప్టోకాకస్‌ను తినిపించింది. అమీబా మింగిన క్రిప్టోకాకస్ లోపలే బతికి పిల్లలు పెట్టింది. కవచం లేని రకం మాత్రం అరిగిపోయింది. మాక్రోఫేజ్‌లో ఏది జరుగుతుందో అమీబాలోనూ అదే. తర్వాత హిస్టోప్లాస్మాకూ ఇలాంటి ఫలితమే వచ్చింది. మట్టిలో కోట్ల ఏళ్లుగా అమీబాల బారినపడుతూ, వాటిలోంచి బతికి బయటపడ్డ బూజులివి. మన మాక్రోఫేజ్ కూడా చుట్టి మింగి పులుపుతో అరిగించేదే కాబట్టి ఆ పాత విద్య ఇక్కడా పనికొచ్చింది. మన మీద పగబట్టి వచ్చిన జీవులు కావివి. మందు కోసం వెతికేవాళ్లకు ఈ సంగతి ముఖ్యం. మనిషిని చూసి పుట్టిన ఆయుధాలు కావు గనుక, వాటికి ఇనుము, పులుపు, వేడి లాంటి మామూలు అవసరాలే ప్రాణాధారం. వాటి మీదే దెబ్బ కొట్టాలి.

కాండిడా ఆల్బికన్స్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మింగాక అది తంతువుగా సాగి కణాన్ని లోపలినుంచే చీల్చేస్తుంది. దాని బంధువు కాండిడా గ్లాబ్రాటా అలా చేయదు. తంతువులు లేవు, తొందరా లేదు. మాక్రోఫేజ్‌లోనే ఉండి మెల్లగా పెరుగుతుంది. దీని మీద మన హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో రూపిందర్ కౌర్ గారి బృందం ఏళ్ల తరబడి పనిచేస్తోంది. ఒక్కొక్క జన్యువు చెడిన రకాలను మాక్రోఫేజ్‌లకు తినిపించి, ఏ జన్యువు పోతే అది బతకలేదో వాళ్లు వెలికితీశారు. దాని గోడ మీది యాప్సిన్లు అనే ఎంజైములు, మింగబడ్డాక తన డీఎన్‌ఏ చుట్టుకున్న తీరునే మార్చుకోగల శక్తి, ఈ రెండూ దాని బతుకుకు ఆధారమని తేల్చారు. కణం లోపల బూజు ఎలా సర్దుకుంటుందని అడిగే ఇలాంటి పని మన ఊళ్లో జరుగుతోందని మన విద్యార్థులకు తెలియాలి.

ఇక వైద్యుడి వైపు వద్దాం. మాక్రోఫేజ్ బలం తగ్గితే ఇన్నాళ్లూ అణిగి ఉన్నవి లేస్తాయి. 2021 వేసవి మనం మరవలేం. కోవిడ్ తగ్గిందనుకున్నవాళ్లకు కన్ను, ముక్కు, దవడ ఎముక నల్లబడి, హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయింది. ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం బంధువులు ఊరూరా తిరిగారు. అదుపులేని చక్కెర, విడిగా తేలే ఇనుము, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు, ఈ మూడూ కలిసిన చోట ఆ బూజు విజృంభించింది. దాని బీజాలు ఆరోగ్యవంతుడి ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌లలో మొలకెత్తకుండా పడి ఉండగలవు. స్టెరాయిడ్ ఆ కాపలాను సడలిస్తుంది. కీళ్లవాతానికి వాడే టీఎన్‌ఎఫ్ నిరోధకాల సంగతీ అంతే. టీఎన్‌ఎఫ్ సంకేతం లేకపోతే మాక్రోఫేజ్ గడ్డకట్టి నిలవలేదు. ఈ మందులు వాడేవారిలో హిస్టోప్లాస్మోసిస్‌ను గుర్తించక ప్రాణాలు పోతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లో హెచ్చరించింది. ఈ నిరోధకాలను చాలాసార్లు సుబ్బారావు గారి మెథోట్రెక్సేట్‌తో కలిపే ఇస్తారు. ఆయన మందు ఎన్ని లక్షల కీళ్లను కాపాడుతోందో నాకు తెలుసు. ఆ మందు తీసుకునే మనిషి దగ్గితే బూజును కూడా గుర్తుతెచ్చుకోవాలని మాత్రమే నా మనవి.

మన దేశంలో హిస్టోప్లాస్మోసిస్‌ను 1954లో కలకత్తాలో పంజా, సేన్ మొదట నివేదించారు. 1975లో సన్యాల్, తమ్మయ్య గంగా మైదానపు మట్టిలో ఆ బూజును కనిపెట్టారు. అయినా దీన్ని అమెరికా జబ్బుగానే చదువుకుంటున్నాం. మన దగ్గర ఇది ఎడ్రినల్ గ్రంథుల్లో దాగడం తరచుగా చూస్తాం. మధ్యవయసు మనిషి, నెలల తరబడి జ్వరం, తగ్గే బరువు, నల్లబడే చర్మం, పడిపోయే బీపీ. స్కానింగ్‌లో రెండు ఎడ్రినల్ గ్రంథులూ ఉబ్బి ఉంటాయి. టీబీ అని రాసి మందులు మొదలుపెడతారు. టీబీ మన దేశంలో ఎక్కువే కాబట్టి మొదట దాన్ని అనుకోవడం తప్పు కాదు. దాంతోనే ఆగిపోవడం తప్పు. టీబీ క్రిమి, హిస్టోప్లాస్మా రెండూ ఒకే కణంలో బతుకుతాయి, ఒకే రకం గడ్డ కడతాయి, ఒకే రకంగా మనిషిని కరిగిస్తాయి. బయటి లక్షణాలు చూసి వేరు చేయలేం.

పైగా ఇంకో చిక్కుంది. అనుమానం వచ్చి టీబీ మందులు ఆపకుండానే బూజు మందు ఇట్రకోనజోల్ కలిపితే, టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ప్రేరేపించి ఇట్రకోనజోల్‌ను రక్తంలో నిలవనివ్వదు. రెండు జబ్బులకూ మందు ఇస్తున్నామనుకుంటాం, బూజుకు అందేది దాదాపు ఏమీ ఉండదు. జబ్బు ముదిరినప్పుడు ఆంఫోటెరిసిన్ తోనే మొదలుపెట్టాలి.

ఇక్కడున్న పీజీ విద్యార్థులకు చివరిగా ఒక పని చెబుతాను. ఎడ్రినల్ నుంచి గానీ, ఎముక మజ్జ నుంచి గానీ, లింఫ్ గ్రంథి నుంచి గానీ బయాప్సీ తీసినప్పుడు మొత్తం ఫార్మలిన్‌లో వేయకండి. ఒక ముక్క సెలైన్‌లో ఉంచి శిలీంధ్ర కల్చర్‌కు పంపండి. పెథాలజీ చీటీ మీద టీబీ అని ఒక్కటే రాయకుండా, సిల్వర్ స్టెయిన్ చేయమని కూడా రాయండి. మాక్రోఫేజ్ లోపల రెండు నుంచి నాలుగు మైక్రాన్ల చుక్కలు కనబడితే డార్లింగ్ అడిగిన ప్రశ్నే అడగండి, పక్కన కడ్డీ ఉందా లేదా అని. హిస్టోప్లాస్మా మెల్లగా పెరుగుతుంది కాబట్టి మైక్రోబయాలజీ వాళ్లు వారానికే పెరుగుదల లేదని రిపోర్టు ఇస్తే ఒప్పుకోకండి. కల్చర్‌ను నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచమని అడగండి. మొదట ఎవరూ ఒప్పుకోరు, ఇంక్యుబేటర్‌లో చోటు లేదంటారు. మళ్లీ అడగండి.